పొజిషన్ లేనప్పుడు పెద్ద ముక్కలు పడితే: డ్రాల మీద ఎలా ఆడాలి

కర్నూల్లో మా ఆట ఆదివారం సాయంత్రం, మిద్దె మీద, చాప పరుచుకుని. ఆరుగురం ఉంటాం, ఆదోని నుంచో నంద్యాల నుంచో ఎవరైనా వస్తే ఏడుగురం. టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆడతాం, డబ్బు పెట్టం. మనిషికి చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి బోర్డు మీద ఐదు: ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). మనిషికి 1000 చిప్స్ ఇస్తాం, ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన బిగ్ బ్లైండ్ 10, స్మాల్ బ్లైండ్ 5, ఎవరి లెక్క ఎంతయిందో నోటుబుక్కులో రాసి పెట్టుకుంటాం, అంతే. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆపేశారు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆటను ఆటగా ఆడేవాళ్ల కోసం. డబ్బు పెట్టి ఆడదామనుకుంటే దయచేసి వద్దు.

మా నోటుబుక్కు తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. జనం చిప్స్ పోగొట్టుకునేది చెత్త ముక్కలతో కాదు, చెత్త ముక్కలు ఎవరైనా పారేస్తారు. పోయేదంతా సెట్ (చేతిలోని జతకి బోర్డు మీద అదే అంకె మూడోది) పడినప్పుడు, రెండు జతలు పడినప్పుడు, చేతిలో ఆసుల జత ఉన్నప్పుడు. అందులోనూ ముందు మాట్లాడాల్సిన చోట కూర్చుని, బోర్డు మీద రెండు ఇస్పేట్లు కనబడగానే "ఫ్లష్ వస్తుందేమో" అని టెన్షన్ పడినప్పుడు. ఫ్లష్ అంటే ఒకే గుర్తువి ఐదు ముక్కలు. ఆ టెన్షన్‌లో కొందరు ఫ్లాప్ మీదే మొత్తం తోసేస్తారు, అందరూ వదిలేస్తారు, చిన్న పాట్ (మధ్యలో పోగైన చిప్స్) మిగులుతుంది. కొందరు చెక్ (వేయకుండా ఆగడం), కాల్ (ఎదుటివాడు వేసినంత పెట్టడం), మళ్లీ చెక్, కాల్ అంటూ పోయి ఎదుటివాడికి నచ్చిన ధరకి నచ్చిన ముక్క చూపిస్తారు. నేను రెండూ చేశాను. ఈ రెంటికీ మధ్య దారి ఉంది, ఆ దారికి లెక్క ఉంది. ఆ లెక్క కూడికలు గుణకారాలు వచ్చిన ఎవరికైనా అందుతుంది.

ముందు మాట్లాడటం ఎందుకు నష్టం

మార్కెట్ యార్డుకి ఉల్లిగడ్డ తీసుకెళ్లినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ధర ముందు నోరు జారినవాడు చిక్కుతాడు, రెండోవాడు విని, చూసి, తన మాట చెబుతాడు. పోకర్‌లో పొజిషన్ అంటే అదే. ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటిలోనూ మీరు ముందు, ఎదుటి ఆటగాడు తర్వాత. మీరు చెక్ చేస్తే అతను ఉచితంగా ముక్క చూసుకోవచ్చు, లేదా బెట్ వేయొచ్చు. మీరు బెట్ వేస్తే అతను పారేయొచ్చు, కాల్ చేయొచ్చు, రైజ్ చేయొచ్చు, అంటే ఇంకా పెంచొచ్చు. ఏం చేయాలో అతనికి మీకన్నా ఒక సంగతి ఎక్కువ తెలుసు.

కానీ అదే యార్డులో ఇంకో నిజం కూడా ఉంది. సరుకు మంచిదైనప్పుడు, పక్క వ్యాపారులు ఏ ధరకి కొంటారో ముందే తెలిసినప్పుడు ముందు చెప్పినా నష్టం లేదు. పెద్ద ముక్కలు మీ చేతిలో ఉన్నప్పుడు సరుకు మీదే. డ్రా (ఇంకో ముక్క పడితే ఫ్లష్ లాంటిది పూర్తయ్యే చేయి) చూడాలంటే ఎంత కట్టాలో నిర్ణయించేది మీరు. ఏ ముక్క పడితే ఆగాలో కూడా ఆ ముక్క పడకముందే నిర్ణయించుకోవాలి. దీంట్లో మొదటిది అందరూ నేర్చుకుంటారు, రెండోదే ఎవరూ చేయరు.

డ్రా ధర ఎంత

బోర్డు మీద రెండు ఇస్పేట్లు, అతని చేతిలో రెండు. మిగిలినవి 9. ఇవి అతని ఔట్స్, అంటే పడితే అతని డ్రా పూర్తయ్యే ముక్కలు. ఒక ముక్క తిరిగితే ఫ్లష్ రావడానికి 100కి 19 నుంచి 20. ఫ్లాప్ నుంచి రివర్ దాకా రెండు ముక్కలూ చూస్తే 35. రెండు కొసలా తెరిచి ఉన్న స్ట్రెయిట్ (వరస అంకెలవి ఐదు ముక్కలు) డ్రాకి 8 ఔట్స్, ఒక ముక్కకి 17, రెంటికీ కలిపి 31 దాటి. మధ్యలో ఒక్క ముక్క లోటైన డ్రాకి 4 ఔట్స్, రెండు ముక్కలూ చూస్తే 16 నుంచి 17. నోటిలెక్క కావాలంటే ఔట్స్‌ని ఒక ముక్కకి 2తో, రెండు ముక్కలకి 4తో హెచ్చవేయండి, దగ్గరికి వస్తుంది. ఆ 4 లెక్క అతను ఫ్లాప్ మీదే మొత్తం పెట్టేసినప్పుడే వర్తిస్తుంది. టర్న్ మీద మళ్లీ కట్టాల్సి వస్తే అతను కొంటున్నది ఒక్క ముక్కే.

ఇప్పుడు మీ బెట్. పాట్‌లో మూడో వంతు వేస్తే కాల్ చేసేవాడికి 20 శాతం గెలుపు ఉంటే గిట్టుబాటు. సగం వేస్తే 25. మూడింట రెండు వంతులు వేస్తే 29కి కాస్త తక్కువ. పాట్ అంత వేస్తే 33. అంటే మూడో వంతు బెట్టుకి ఫ్లష్ డ్రా దాదాపు సరిసమానం, సగం దాటితే కొన్నవాడికే నష్టం. ఇక్కడ మా వాళ్లు చాలామంది ఆగిపోతారు. "సగం వేశాను కదబ్బా, ఇంకేం చేయాల?" అంటారు. చేయాల్సింది ఉంది, ఎందుకంటే ఫ్లష్ పడ్డాక మీరు రివర్‌లో ఇచ్చే చిప్స్ కూడా అతని లెక్కలో ఉంటాయి.

పాట్‌లో 90 ఉంది, టర్న్ మీద మీరు 60 వేశారు అనుకుందాం. అతను 60 పెట్టి 150 గెలవాలని చూస్తున్నాడు. 46 ముక్కల్లో 9 అతనివి, 37 కావు. నష్టం రాకూడదంటే వచ్చిన ప్రతిసారీ దాదాపు 247 గెలవాలి. పాట్‌లో 150 ఉంది కాబట్టి రివర్‌లో మీ నుంచి ఇంకో 97 రాబట్టాలి. రివర్‌లో మీరు 97 కన్నా ఎక్కువ ఇస్తూ పోతే టర్న్ మీద మీరు పెట్టిన మంచి ధర వృథా.

ఒక హ్యాండ్ మొదటి నుంచీ చూద్దాం

మీరు బిగ్ బ్లైండ్‌లో ఉన్నారు. ఆఠీన్ తొమ్మిది, కళావర్ తొమ్మిది. బటన్ మీద (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర మాట్లాడే చోట) ఉన్నతను 25 చేశాడు, మీరు కాల్, స్మాల్ బ్లైండ్ వదిలేశాడు. పాట్ 55. ఇద్దరి దగ్గరా 975. జత పట్టుకుని ఫ్లాప్ చూస్తే సెట్ పడేది సగటున ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి, కాబట్టి పడినప్పుడు దాన్ని సరిగ్గా ఆడటం చాలా ముఖ్యం.

ఫ్లాప్: ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఆరు, డైమండ్ రెండు.

ఇంతకన్నా మంచి ఫ్లాప్ లేదు. భయం పుట్టించేవి కూడా అన్నీ ఉన్నాయి. రెండు ఇస్పేట్లు, తొమ్మిది ఆరు మధ్యలో ఏడు ఎనిమిది ఖాళీ. ఇక్కడ ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటి: అతని దగ్గర ఫ్లష్ డ్రా ఉన్నా, ఇప్పుడే ఇద్దరూ మొత్తం పెట్టేస్తే అతను గెలిచేది నాలుగింట ఒకసారి. 35 శాతం కాదు, పాతిక. ఎందుకంటే అతని ఫ్లష్ పడ్డా బోర్డు మీద జత పడితే మీది ఫుల్ హౌస్ (ఒక అంకె మూడు, ఇంకో అంకె రెండు), అది ఫ్లష్ కన్నా పెద్దది. అతని దగ్గర ఇస్పేటు ఎనిమిది ఏడు లాంటి ఫ్లష్, స్ట్రెయిట్ రెండూ కలిసిన డ్రా ఉంటే 40 చుట్టూ ఉంటుంది, అప్పుడు కూడా మీరే ముందున్నారు.

*చెక్-రైజా, మీరే ముందు బెట్ వేయడమా?*

చిప్స్ లెక్క చూడండి. మీరే ముందు బెట్ వేశారు, 40. అతను కాల్. పాట్ 135. టర్న్ మీద 100, కాల్. పాట్ 335. రివర్ మీద 250, కాల్. మూడుసార్లూ పాట్‌లో ముప్పావు దగ్గర వేశారు, అయినా మీ దగ్గర ఇంకా 585 మిగిలే ఉంది. ఇంత పెద్ద ముక్కలతో సగానికి పైగా చిప్స్ చేతిలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు చెక్-రైజ్, అంటే ముందు చెక్ చేసి, అతను వేశాక పెంచడం. మీరు చెక్, అతను 35 వేశాడు, మీరు 130 చేశారు, అతను కాల్. పాట్ 315, చేతిలో 845. టర్న్ మీద 240 వేస్తే పాట్ 795, చేతిలో 605. రివర్ మీద ఆ 605 పాట్‌లో ముప్పావే. ఏ బెట్టూ విపరీతంగా కనబడదు, అయినా మొత్తం లోపలికి వెళ్లింది. చిప్స్ ఎక్కువ, పాట్ చిన్నది అయినప్పుడు చెక్-రైజ్ ఎందుకు కావాలో ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

అయితే దీనికి ఒక షరతు ఉంది, చెక్ చేస్తే అతను బెట్ వేయాలి. ఫ్లాప్‌కి ముందు రైజ్ చేసి, ఫ్లాప్ మీద మళ్లీ వేసే అలవాటున్న మనిషైతే చెక్ చేయండి. ఏమీ పడకపోతే చెక్ చేసి ఉచితంగా ముక్క చూసుకునే మనిషైతే ముందే వేయండి, 40 కాదు, 50 వేయండి. పోయిన దసరా సెలవుల్లో సరిగ్గా ఇదే సందర్భంలో నేను చెక్ చేశాను, ఎదుటాయన చెక్ చేశాడు, టర్న్ మీద పది పడింది, ఆయన చేతిలో ఎనిమిది ఏడు. ఉచితంగా స్ట్రెయిట్ ఇచ్చాను. తప్పు నాదే, ఎందుకంటే ఆయన చెక్ చేసే మనిషని అప్పటికే నాలుగైదుసార్లు చూశాను, గుర్తుపెట్టుకోలేదు. మీ బల్ల దగ్గర ఉన్నవాళ్లలో ఎవరు రైజ్ చేశాక ఫ్లాప్ మీద వేస్తారో, ఎవరు ఆగుతారో ఇప్పటి నుంచి లెక్కపెట్టండి. పొజిషన్ లేనివాడికి అంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు.

రైజ్ ఎంత ఉండాలి? అతని బెట్టుకి మూడున్నర నుంచి నాలుగు రెట్లు. మీకు పొజిషన్ ఉంటే మూడు రెట్లు సరిపోయేది, లేదు కాబట్టి కాస్త ఎక్కువ తీసుకోవాలి. 35కి 70 చేయడం మాత్రం వద్దు. పాట్‌లో 55, అతని 35, మీ 70 కలిపితే 160, అతను ఇంకో 35 పెడితే చాలు. ఏ డ్రా అయినా ఆ ధరకి సంతోషంగా కొంటుంది.

టర్న్ రాకముందే 47 ముక్కలు మూడు కుప్పలు చేయండి

మా వాళ్లకి నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. మీ చేతిలో 2, బోర్డు మీద 3, కనబడనివి 47. అతను కాల్ అన్నాక, ముక్క తిప్పేలోపు ఆ 47ని మనసులో మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప మీది: డైమండ్ తొమ్మిది, మూడు ఆరులు, మూడు రెండ్లు. 7 ముక్కలు. ఇవి పడితే ఫుల్ హౌస్ లేదా నాలుగు తొమ్మిదులు.

రెండో కుప్ప దాదాపు ఏ డ్రాకీ సాయం చేయనివి: ఇస్పేటు కాని ఆసు, రాజు, రాణి, జాకీ, నాలుగు, మూడు. ఒక్కోటి మూడేసి, 18 ముక్కలు.

మూడో కుప్ప భయపెట్టేవి: ఇస్పేట్లు 11 మిగిలాయి, అందులో ఇస్పేటు రెండు మీకే ఫుల్ హౌస్, అది తీసేస్తే 10. ఇస్పేటు కాని పది, ఎనిమిది, ఏడు, ఐదు మూడేసి, 12. మొత్తం 22.

అంటే 47లో 25 మీకు మంచివో, ఏమీ మార్చనివో. 22 భయపెట్టేవి. కానీ ఈ 22లో కొన్నే అతనికి సాయపడతాయి, అతని చేతిలో ఉన్న ఒక్క డ్రాకి సంబంధించినవే పనిచేస్తాయి. ఇస్పేట్లు పట్టుకున్నవాడికి ఆఠీన్ ఏడు పడితే ఏమీ కాదు. ఎనిమిది ఏడు పట్టుకున్నవాడికి ఇస్పేటు నాలుగు పడితే ఏమీ కాదు. మన మనసు మాత్రం 22 ముక్కలకీ ఒకేలా ఉలిక్కిపడుతుంది. ఈ కుప్పలు ముందే చేసుకుంటే ఆ ఉలికిపాటు తగ్గుతుంది, ముక్క పడ్డాక ముఖంలో ఏమీ కనబడదు కూడా.

మొదట్లో ఇది చేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది, అందరూ విసుక్కునేవాళ్లు. ఇప్పుడు చిప్స్ సర్దుకునేలోపు అయిపోతుంది.

టర్న్

*ఏమీ మార్చని ముక్క పడింది, ఆఠీన్ రాజు అనుకుందాం.* ఆలోచించకుండా 240. ఇక్కడ "డ్రా ఉందేమో" అని చెక్ చేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, డ్రా ఉంటేనే కదా ఇప్పుడు వేయాల్సింది! రివర్ తర్వాత పడని డ్రా మీ బెట్టుకి ఒక్క చిప్ కూడా ఇవ్వదు. అది డబ్బు కట్టేది ఇప్పుడే, ఆశ ఉన్నప్పుడే.

ఇక్కడే ఒక లెక్క చెప్పాలి, ఇది తెలిసిన రోజు నుంచి నా ఆట మారింది. అతని దగ్గర ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ. మిగిలిన ఇస్పేట్లు 9. కానీ ఇస్పేటు రాజు పడితే, ఇస్పేటు రెండు పడితే మీకు ఫుల్ హౌస్. అతనికి నిజంగా పనికొచ్చేవి 7. నాలుగు చేతి ముక్కలూ, నాలుగు బోర్డు ముక్కలూ తీసేస్తే 44 మిగులుతాయి. అతను 240 పెట్టి కాల్ చేశాడు. ఫ్లష్ పడిన ప్రతిసారీ మీరు మారుమాట్లాడకుండా మిగతా 605 కూడా ఇచ్చేశారనుకోండి. 7 సార్లు అతను 555, 605 కలిపి 1160 చొప్పున గెలుస్తాడు, మొత్తం 8120. 37 సార్లు 240 చొప్పున పోతుంది, మొత్తం 8880. మీరు ప్రతిసారీ మొత్తం ఇచ్చేసినా అతనికే నష్టం, కాల్‌కి సగటున 17 చిప్స్.

సెట్ ఉండి, టర్న్ మీద సరైన ధర పెట్టినవాడు ఫ్లష్‌కి భయపడాల్సిన పని లేదని చెప్పేది ఈ లెక్కే. రివర్‌లో ఓడిపోయిన రోజు కూడా మీరు ఆడింది తప్పు కాదు.

*ఇస్పేటు పడింది.* ఇప్పుడు చెక్ చేయండి. నా అభిప్రాయంలో ఇక్కడ పెద్ద బెట్ వేయడం వల్ల మీ కన్నా చిన్న ముక్కలు పారిపోతాయి, పెద్దవి ఉండిపోతాయి. కానీ చెక్ చేయడం అంటే వదిలేయడం కాదు. అతను 150 వేస్తే, మీరు 150 పెట్టి 465 గెలవాలని చూస్తున్నారు, 24 శాతం కాస్త దాటి గెలుపు కావాలి. ఫ్లష్ నిజంగా ఉన్నా, బోర్డు జతపడటానికి మీకు 10 ముక్కలున్నాయి, 46లో 10 అంటే 22 శాతం దగ్గర. అతని దగ్గర ఫ్లష్ లేని సార్లు కలుపుకుంటే, ఫుల్ హౌస్ పడితే రివర్‌లో అతను ఇచ్చే చిప్స్ కలుపుకుంటే, ఈ కాల్ సులభం. అదే రెండు జతలు మాత్రమే ఉంటే ఫుల్ హౌస్‌కి ముక్కలు 4, అంటే 9 శాతం కూడా లేదు. సెట్‌కి, రెండు జతలకి ఇంత తేడా ఉందని చాలామంది గుర్తించరు, రెంటినీ ఒకేలా ఆడతారు.

*పది గానీ ఐదు గానీ పడింది.* ఎనిమిది ఏడుకి స్ట్రెయిట్ పూర్తయింది. బటన్ మీద నుంచి రైజ్ చేసి, చెక్-రైజ్‌కి కాల్ చేసినవాడి దగ్గర ఎనిమిది ఏడు ఉండొచ్చు, కానీ ఫ్లష్ డ్రాలు, పెద్ద జతలు అంతకన్నా ఎక్కువ ఉంటాయి. నేను ఇక్కడ వేస్తూనే ఉంటాను, కాస్త తగ్గించి, పాట్‌లో సగం. రైజ్ వస్తే ఫుల్ హౌస్ ముక్కలు లెక్కపెట్టుకుని ధర చూసి నిర్ణయిస్తాను.

రివర్

టర్న్ మీద రాజు, 240 కాల్, పాట్ 795, చేతిలో 605.

డ్రా తప్పింది అనుకుందాం. వేయాలా, ఆగాలా? చేతిలో తొమ్మిదులు రెండు మీ దగ్గరే, ఒకటి బోర్డు మీద. అతని దగ్గర ఆసు తొమ్మిది ఉండే అవకాశాలు 4 జోడీలే. మీ దగ్గర రెండ్ల సెట్ ఉండి ఉంటే అవే 12 అయ్యేవి. అంటే పెద్ద సెట్ పట్టినప్పుడు అతను కాల్ చేయదగిన ముక్కలు మీ చేతిలోనే ఇరుక్కుంటాయి, అతని దగ్గర తప్పిన డ్రాల వంతు పెరుగుతుంది. తప్పిన డ్రా బెట్టుకి కాల్ చేయదు, కానీ మీరు చెక్ చేస్తే బ్లఫ్ చేస్తుంది. బ్లఫ్ చేసే గుండె ఉన్న మనిషైతే చెక్ చేసి, వేసింది కాల్ చేయండి. పెద్ద జత పట్టుకుని వదలలేని మనిషైతే 605 మీరే తోసేయండి. చిన్న సెట్‌తో అయితే మీరే వేయడం ఎక్కువసార్లు సరి.

ఇస్పేటు పడింది అనుకుందాం, ఏడు. చెక్ చేశారు, అతను 605 తోశాడు. 605 పెట్టి 1400 గెలవాలి, 30 శాతం కావాలి. అంటే పది సార్లలో మూడుసార్లు అతను అబద్ధం ఆడుతుండాలి. మా బల్ల దగ్గర రివర్‌లో ఫ్లష్ పడ్డాక మొత్తం తోసేవాళ్లలో అలా ఆడేవాళ్లు ఇద్దరే, మిగతా వాళ్లు నిజంగా పడితేనే తోస్తారు. ఆ ఇద్దరికి కాల్, మిగతా వాళ్లకి ఫోల్డ్ (ముక్కలు పారేయడం). ఇంతకు ముందు చెప్పిన లెక్క గుర్తుంటే, ఫోల్డ్ చేయగలిగిన ప్రతిసారీ అతని టర్న్ కాల్ ఇంకా పెద్ద తప్పు అవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. మెత్తగా ఆడేవాళ్ల మీద చెక్ చేయకుండా మీరే 180, 200 వేయడం. ఒక్క జత ఉన్నవాడు ఆ చిన్న ధరకి కాల్ చేస్తాడు, ఫ్లష్ ఉన్నవాడు రైజ్ చేస్తాడు, రైజ్ వస్తే మీరు నిశ్చింతగా వదిలేస్తారు. ధర మీరే పెట్టి, 605 ఇవ్వాల్సిన చోట 200తో బయటపడతారు. చురుకైన ఆటగాడి మీద మాత్రం ఇది చేయకండి, మీ భయం పసిగట్టి ఏమీ లేకుండానే రైజ్ చేస్తాడు.

చేతిలో ఒక్క పెద్ద జతే ఉంటే

ఆసుల జత, రాజుల జత చూడటానికి సెట్ అంత అందంగా ఉంటాయి, కానీ డ్రా ముందు వాటికి రక్షణ లేదు. పై లెక్కనే ఆసుల జతతో చేయండి. బోర్డు జతపడినా మీకు ఫుల్ హౌస్ లేదు, కాబట్టి అతని 9 ఔట్సూ నిఖార్సైనవి. 44లో 9 సార్లు 1160, అంటే 10440. 35 సార్లు 240, అంటే 8400. ఫ్లష్ పడిన ప్రతిసారీ మొత్తం ఇచ్చేస్తే అతనికి కాల్‌కి 46 చిప్స్ లాభం. అదే బోర్డు, అదే బెట్, అదే డ్రా. సెట్ పట్టినవాడు మొండిగా కాల్ చేసినా నెగ్గుకొస్తాడు, ఒక్క జత పట్టినవాడు అదే మొండితనంతో మునుగుతాడు.

అందుకని ఒక్క జతతో పొజిషన్ లేకుండా ఆడేటప్పుడు పాట్‌ని అంత పెంచొద్దు. ఫ్లాప్ మీద మూడింట రెండు వంతులు మీరే వేయండి, చెక్-రైజ్ తరచుగా వద్దు. టర్న్ మీద ఏమీ మార్చని ముక్కైతే మళ్లీ అంతే వేయండి. భయపెట్టే ముక్క పడితే చెక్ చేసి ఒక్క బెట్ దాకా చూడండి. రివర్‌లో ఫ్లష్ పడ్డాక పెద్ద బెట్ వస్తే ఆసులని పారేయడం నేర్చుకోండి. కష్టమే, నాకు ఏడాది పట్టింది.

చేతిలో ఉన్న ఆసో రాజో ఇస్పేటైతే సంగతి కొంచెం మారుతుంది. ఇస్పేటు రాజు మీ దగ్గర ఉంటే, రాజుతో ఉండే ఫ్లష్ డ్రాలేవీ అతని దగ్గర ఉండవు. టర్న్ మీద మూడో ఇస్పేటు పడితే మీకే ఇంకో ఇస్పేటుతో పెద్ద ఫ్లష్ ఆశ. కానీ రివర్‌లో డ్రా తప్పి అతను బ్లఫ్ చేస్తున్నాడా అని ఆలోచించేటప్పుడు అదే ఇస్పేటు మీకు వ్యతిరేకం: తప్పిన డ్రాలు తక్కువ, కాబట్టి బ్లఫ్‌లు కూడా తక్కువ. ఇస్పేటు లేని జతతోనే ఎక్కువ కాల్ చేయాలి.

నలుగురు కలిసి ఫ్లాప్ చూస్తే

మన ఇళ్లలో ఆడే ఆటల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఎవరూ రైజ్ చేయరు, నలుగురు పదేసి పెట్టి ఫ్లాప్ చూస్తారు. పాట్ 40. మీకు సెట్, మీరే ముందు. ఇక్కడ చెక్-రైజ్ గురించి మర్చిపోండి, నలుగురిలో ఎవరూ వేయకపోతే ముగ్గురికి ఉచితంగా ముక్క ఇచ్చినట్టు.

30 వేశారనుకోండి. మొదట కాల్ చేసినవాడికి 30 శాతం కావాలి. అతను కాల్ చేశాడు కాబట్టి రెండోవాడికి 23 చాలు. మూడోవాడికి 19 కన్నా తక్కువే. అంటే మూడోవాడి దగ్గర ఫ్లష్ డ్రా ఉంటే మీరే అతనికి సరైన ధర ఇచ్చారు. అందుకే గుంపులో ఆడేటప్పుడు పాట్ అంతా వేయండి, 40. ఒకరిద్దరు రాలిపోతారు, మిగిలినవాళ్లు సరిగ్గా కడతారు.

ఇంట్లో సాధన

పేక కట్టలోంచి తొమ్మిది తొమ్మిది తీసి మీ ముందు పెట్టుకోండి, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఆరు, డైమండ్ రెండు బోర్డు మీద. మిగతా 47 ముక్కలు తీసుకుని నేల మీద మూడు కుప్పలుగా పోయండి, 7, 18, 22 వస్తున్నాయో లేదో చూసుకోండి. తర్వాత బోర్డు మార్చండి. జాకీ, పది, నాలుగు వేసి నాలుగుల సెట్‌తో చేయండి, మూడో కుప్ప ఎంత పెరుగుతుందో చూస్తే, ఆ బోర్డు మీద ఫ్లాప్ లోనే గట్టిగా ఎందుకు వేయాలో అర్థమవుతుంది. రాజు, ఏడు, రెండు (మూడూ వేర్వేరు గుర్తులవి) వేసి ఏడుల సెట్‌తో చేయండి, మూడో కుప్ప దాదాపు ఖాళీ అవుతుంది, అక్కడ నెమ్మదిగా ఆడినా కొంప మునగదు. రోజుకి ఐదు బోర్డులు, ఉగ్గాని బజ్జీ తినేంత సమయం. రెండు వారాలు చేశాక, ఎవరైనా తోడు దొరికితే అతన్ని బటన్ మీద కూర్చోబెట్టి ఫ్లష్ డ్రా చేతికిచ్చి, మీరు సెట్ పట్టుకుని, 55 పాట్‌తో 975 చిప్స్‌తో ఇదే హ్యాండ్ యాభై సార్లు ఆడండి. ప్రతిసారీ ఎవరికి ఎంత వచ్చిందో రాయండి. ఆ తర్వాత సెట్ తీసేసి ఆసుల జత పెట్టుకుని ఇంకో యాభై ఆడి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.